యుద్ధం వస్తుందంటున్నారు, ఇంట్లో ఏం సర్దుకోవాలి?

పాకిస్తాన్ సరిహద్దులో ఏదైనా జరిగిన ప్రతిసారీ నన్ను అడిగేవి ఈ ప్రశ్నలే. యుద్ధం వస్తుందంటారా? వస్తే మన దాకా వస్తుందా? బియ్యం, నూనె ఎన్ని రోజులకి తెచ్చిపెట్టుకోవాలి? పంజాబ్‌లో చదువుతున్న పిల్లని వచ్చెయ్యమనాలా? వాళ్ల దగ్గరా మన దగ్గరా అణుబాంబులున్నాయి కదా, అది పడితే ఏం చేయాలి? రెండు దేశాల మధ్య దాడులు జరిగిన 2025 మే 7 నుంచి 10 దాకా ఈ ప్రశ్నలు అర్ధరాత్రి కూడా వచ్చాయి, సగం మా చుట్టాల నుంచే. మా అక్క కూతురు అప్పుడు జలంధర్‌లో హాస్టల్లో ఉంది, అందుకని మా ఇంట్లో కూడా ఆ నాలుగు రాత్రులూ ఎవరూ సరిగ్గా నిద్రపోలేదు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పినదంతా ఇప్పుడు ఒక్కచోట రాస్తున్నాను.

యుద్ధం వస్తుందో రాదో మనం తేల్చే విషయం కాదు. వచ్చేలా ఉందన్న రోజున మీ ఇంట్లో ఎవరు ఏం చేయాలన్నది మాత్రం మీరే తేల్చుకోవచ్చు, అది ముందే తేల్చుకుని ఉంటే భయం సగం దిగుతుంది. ఆ రోజు వచ్చాక కూర్చుని మాట్లాడుకుందాం అంటే కుదరదు, ఫోన్ మోగుతూనే ఉంటుంది, ఇంటికొకరు ఒక్కో మాట చెబుతారు, చివరికి ఎవరు గట్టిగా అరిస్తే వాళ్ల మాటే నెగ్గుతుంది.

కావాల్సినవి

ఒక పాత బ్యాగు లేదా మూతున్న ప్లాస్టిక్ డబ్బా. బ్యాటరీతో నడిచే టార్చి, విడి బ్యాటరీలు. పవర్ బ్యాంకు. చిన్న రేడియో (సెల్ టవర్లు పనిచేయకపోతే ఆకాశవాణి వార్తలు దాంట్లోనే వినాలి, కొనే వీలు లేకపోతే మీ కారులో రేడియో పనిచేస్తుందో లేదో ఒకసారి చూసుకోండి). రెండు మందపాటి దుప్పట్లు లేదా ముదురు రంగు కర్టెన్లు. ఒక నోటుపుస్తకం, పెన్ను. ఇంట్లో అందరూ కలిసి కూర్చునే ఒక గంట టైమ్. వీటిలో దొరకడం కష్టమయ్యేది ఆ గంటే.

1. ముందు వార్త దగ్గర ఆగండి

మొదటి పొరపాటు ఇక్కడే జరుగుతుంది, అందుకే దీని గురించి ఎక్కువ రాస్తున్నాను. మే 8 రాత్రి కరాచీ ఓడరేవు నాశనమైపోయిందని పేరున్న టీవీ ఛానళ్లే చెప్పాయి, అది జరగలేదు. వీడియో గేమ్‌లో యుద్ధ దృశ్యాలు నిజం దాడులుగా తిరిగాయి. ఏటీఎంలు రెండు మూడు రోజులు మూసేస్తారని ఒక మెసేజ్ ఊరూరా తిరిగింది, అది అబద్ధమని ప్రభుత్వం చెప్పేలోపే చాలామంది కార్డు పట్టుకుని పరుగెత్తారు. ఇటువైపు ఎన్ని తిరిగాయో అటువైపూ అన్నీ తిరిగాయి. భయపడినవాళ్లు తెలివితక్కువవాళ్లని కాదు, భయంలో ఉన్నప్పుడు చేతికి అందినది పక్కవాడికి అందించాలనిపిస్తుంది, అంతే.

ఇలా చేయండి. ఒళ్లు జలదరించే మెసేజ్ వస్తే ఇరవై నిమిషాలు ఎవరికీ పంపకండి, ఎంత దగ్గరివాళ్లకైనా సరే. ఆ ఇరవై నిమిషాల్లో మూడు చూడండి. ఎవరు చెప్పారు? రక్షణ శాఖ, విదేశాంగ శాఖ పేరు పెట్టి మనిషి నిలబడి చెప్పిన మాటకి ఒక లెక్క ఉంటుంది. ఆ రోజుల్లో విదేశాంగ కార్యదర్శి విక్రమ్ మిస్రీ, కల్నల్ సోఫియా ఖురేషీ, వింగ్ కమాండర్ వ్యోమికా సింగ్ విలేకరుల ముందుకొచ్చి చెప్పినవి చూస్తే సరిపోయేది, మిగతా గంటలన్నీ టీవీ ముందు గడిపినవాళ్లకి అంతకంటే ఎక్కువేమీ తెలియలేదు. రెండు, ఎప్పటిది? వీడియోలో మనుషులు స్వెట్టర్లు వేసుకుని ఉంటే అది మే నెలది కాకపోవచ్చు. బోర్డుల మీద లిపి ఏంటో చూడండి, ఉక్రెయిన్ అక్షరాలు కనిపిస్తే మనకి సంబంధం లేదు. మూడు, ఇంకెవరు చెబుతున్నారు? ఒకరినొకరు చూసి రాసుకునే నాలుగు ఛానళ్లు ఉంటే అది నాలుగు కాదు, ఒకటే.

అనుమానం ఉంటే కేంద్ర ప్రభుత్వ సమాచార విభాగం పీఐబీ ఫ్యాక్ట్ చెక్ వాళ్ల వాట్సాప్ నంబరు 8799711259 కి పంపండి. వెంటనే జవాబు రాకపోవచ్చు. రాకపోయినా ఫర్వాలేదు, మీరు దాన్ని ఇంకొకరికి పంపలేదు కదా.

హెచ్చరిక: యుద్ధం వీడియో అని చెప్పి ఏపీకే ఫైలు (ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైలు) పంపితే తెరవకండి. గ్రూపులో పెద్దవాళ్లకి ఇది విడిగా ఫోన్ చేసి చెప్పండి, మెసేజ్ పెడితే చదవరు.

సరిచూసుకోవడం: రాత్రి పడుకునే ముందు ఈ రోజు మీరు నమ్మినవి మూడు రాసుకోండి. మర్నాడు పొద్దున అందులో ఎన్ని నిలబడ్డాయో చూడండి. రెండు రోజులు ఇలా చేస్తే ఏ ఛానల్ చూడాలో, ఏ బాబాయి పంపినది చూడక్కర్లేదో మీకే తెలిసిపోతుంది.

2. ఇప్పుడు ఏ మెట్టు మీద ఉన్నామో చూడండి

టీవీలో ఎర్ర అక్షరాలు ఎప్పుడూ ఒకే సైజులో ఉంటాయి కాబట్టి వాటిని బట్టి ఏమీ తెలియదు. రెండు ప్రభుత్వాలు ఏం చేస్తున్నాయో చూడండి. 2025నే తీసుకుందాం. ఏప్రిల్ 22న పహల్గాం దగ్గర బైసరన్‌లో 26 మందిని చంపారు. మర్నాడు సింధు జలాల ఒప్పందాన్ని నిలిపివేస్తున్నట్టు, అటారీ దారి మూసేస్తున్నట్టు మన ప్రభుత్వం చెప్పింది. ఏప్రిల్ 24న పాకిస్తాన్ మన విమానాలకి ఆకాశం మూసింది. మే 7న సివిల్ డిఫెన్స్ డ్రిల్స్ చేయాలని కేంద్రం రాష్ట్రాలకి చెప్పింది, అదే రోజు తెల్లవారుజామున మన దాడులు జరిగాయి. ఆ తర్వాత ఉత్తరాన, పడమటన 32 విమానాశ్రయాలు మూసేశారు, ఐపీఎల్ ఆపేశారు. మే 10 మధ్యాహ్నం 3:35కి రెండు సైన్యాల డీజీఎంఓలు (సైనిక చర్యలు చూసే అధికారులు) ఫోన్‌లో మాట్లాడుకున్నారు, సాయంత్రం 5 గంటల నుంచి కాల్పులు ఆపాలనుకున్నారు. ఆ రాత్రి కూడా డ్రోన్లు కనిపించాయి గానీ తర్వాత నిలబడింది.

దీన్ని ఇంటి పనికి ఇలా వాడుకోండి:

మాటలు, ప్రకటనలు మాత్రమే ఉన్నప్పుడు: కింద 3, 4 అడుగులు తీరిగ్గా చేసుకోండి.

ఆకాశం మూసేసినప్పుడు, డ్రిల్స్ మొదలైనప్పుడు: 5, 6 అడుగులు. అమెరికా, యూరప్ వెళ్లే మనవాళ్లు ఉంటే విమానం దారి మారిందేమో, మధ్యలో ఎక్కడైనా ఆగుతుందేమో ఎయిర్‌లైన్ దగ్గరే కనుక్కోండి.

దాడులు మొదలయ్యాక: కొత్తగా ఏదీ కొనకండి, ఎక్కడికీ కదలకండి, ముందు అనుకున్నది చేయండి.

డీజీఎంఓలు మాట్లాడుకున్నారన్న వార్త వస్తే మెట్టు దిగుతున్నామన్నమాట. ఆ హాట్‌లైన్ 1971 నుంచి ఉంది, గొడవ ఎంత ముదిరినా అటు ఎత్తే చెయ్యి ఒకటి ఉంది.

రెండు దేశాలూ 1998 మేలో అణు పరీక్షలు చేశాక కార్గిల్ వచ్చింది, పార్లమెంటు మీద దాడి తర్వాత 2001-02లో నెలల తరబడి సైన్యాలు ఎదురెదురుగా నిలబడ్డాయి, 2016, 2019, 2025 వచ్చాయి. ప్రతిసారీ ఆగింది. అలాగని ఈసారీ తప్పకుండా ఆగుతుందని నేను అనను, 2025లో ఆ అణు పరీక్షల తర్వాత ఎప్పుడూ లేనంత దూరం వెళ్లింది, వైమానిక స్థావరాల దాకా. అందుకే ఈ గైడ్.

3. సరుకులు: వారానికి, అంతే

లెక్క సులువు. తాగడానికి, వంటకి కలిపి మనిషికి రోజుకి 4 లీటర్ల నీళ్లు. నలుగురున్న ఇంటికి మూడు రోజులకి 48 లీటర్లు, అంటే 20 లీటర్ల వాటర్ క్యాన్లు రెండు, ఒక పెద్ద బిందె. కరెంటు పోతే అపార్ట్‌మెంట్‌లో మోటారు ఆడదు, పై అంతస్తుల వాళ్లకి మొదట వచ్చే కష్టం నీళ్లే, బియ్యం కాదు. బియ్యం మన ఇళ్లల్లో ఎలాగూ ఉంటాయి.

తిండి విషయంలో, పొయ్యి వెలిగించకుండా తినగలిగేవి రెండు రోజులకి ఉండాలి. అటుకులు, మరమరాలు, బెల్లం, వేయించిన పల్లీలు, కందిపొడి, పాలపొడి, పిల్లలకి బిస్కెట్లు. సున్నుండలు చేసే అలవాటున్న ఇల్లైతే అంతకంటే మంచిది లేదు. గ్యాస్ బండ రెండోది నిండుగా ఉంచుకోండి.

చాలామంది చేసే పొరపాటు ఏంటంటే, పుకారు విన్న సాయంత్రం వెళ్లి మూడు నెలల సరుకు ఎత్తుకొస్తారు. దానివల్ల ఏ రోజుకారోజు కొనుక్కునే మనిషికి ఆ పూట నూనె ప్యాకెట్ దొరకదు, దొరికినా రేటు పెరిగి ఉంటుంది. 2025లో పెట్రోలు బంకుల దగ్గర క్యూలు కట్టారు, నిల్వలు బాగానే ఉన్నాయని ఇండియన్ ఆయిల్ ప్రకటన ఇవ్వాల్సి వచ్చింది. బండిలో సగం ట్యాంకు ఎప్పుడూ ఉండేలా మామూలు రోజుల్లోనే అలవాటు చేసుకోండి, క్యూ కట్టాల్సిన పనే ఉండదు. ఇంట్లో క్యాన్లలో పెట్రోలు మాత్రం దాచకండి, యుద్ధం రాకపోయినా అది ఇల్లు తగలబెడుతుంది.

4. మందులు, కాగితాలు, డబ్బు

బీపీ, షుగర్, థైరాయిడ్, మూర్ఛ, గుండె మాత్రలు రెండు వారాలకి ఎక్కువ ఉంచుకోండి. డాక్టర్ చీటీ ఫొటో తీసి ఇంట్లో ఇద్దరి ఫోన్లలో పెట్టండి. ఇన్సులిన్ వాడేవాళ్లు కరెంటు పోతే ఏం చేయాలో ఇవాళే చూసుకోండి. మట్టికుండలో కొంచెం నీళ్లు పోసి, ఇన్సులిన్‌ని తడి తగలకుండా చిన్న డబ్బాలో పెట్టి కుండలో ఉంచి మూత పెడితే ఎండాకాలంలో కూడా బాగానే చల్లగా ఉంటుంది. ఐస్ ముక్కల మీద నేరుగా పెట్టకండి, గడ్డకడితే అది పనికిరాదు.

ఆధార్, రేషన్ కార్డు, పాస్‌పోర్టు, ఇంటి కాగితాలు, బ్యాంకు పుస్తకం అన్నీ ఒకే ప్లాస్టిక్ కవరులో. ముఖ్యమైన ఫోన్ నంబర్లు పదింటిని నోటుపుస్తకంలో చేత్తో రాయండి. ఫోన్ ఆగిపోతే మన ఇంట్లో ఎవరికీ ఎవరి నంబరూ నోటికి రాదు, పరీక్ష పెట్టి చూడండి.

నగదు వారం ఖర్చుకి సరిపడా, చిన్న నోట్లలో. షేర్లు, మ్యూచువల్ ఫండ్లు ఉన్నవాళ్లు అడుగుతుంటారు, అమ్మేయాలా అని. మే 9న సెన్సెక్స్ 880 పాయింట్లు పడింది, ఆ రోజు భయపడి అమ్మినవాళ్లు మే 12న 2,975 పాయింట్లు పెరగడం చూశారు. పెళ్లికి, ఫీజుకి ఈ ఏడాదే కావాల్సిన డబ్బు అసలు షేర్లలో ఉండకూడదు, మిగతాది ఆ వారంలో ముట్టుకోకండి. అలాగే ఇంటి ఇన్సూరెన్స్‌లో యుద్ధ నష్టం మామూలుగా ఉండదు, ఒకసారి పాలసీ తీసి చదవండి.

5. సరిహద్దు రాష్ట్రాల్లో మనవాళ్లుంటే

శ్రీనగర్, జమ్మూ, జలంధర్, అమృత్‌సర్, చండీగఢ్, ఇలా ఎక్కడెక్కడో మన పిల్లలు చదువుతున్నారు. ఇంట్లోవాళ్ల మొదటి మాట "వచ్చెయ్ అమ్మా" అనే. నేనూ అదే అన్నాను. కానీ రైలు దొరకక స్టేషన్‌లో, దీపాలు ఆర్పేసిన ఊళ్లో, సూట్‌కేసు మీద కూర్చున్న పిల్లకంటే హాస్టల్ గదిలో ఉన్న పిల్లే ఆ రాత్రికి క్షేమం. ఇది నాకు ఆ పిల్లే చెప్పింది.

కాబట్టి ఇలా తేల్చుకోండి. పిల్లలు ఉన్న ఊరు సరిహద్దుకి ఎంత దూరం, అక్కడ కలెక్టరు ఏం చెప్పారు? కాలేజీ సెలవులిచ్చిందా, బస్సు పెడుతోందా? ఢిల్లీ దాకా ఖాయమైన టికెట్ ఉందా? మూడింటికీ సమాధానం అనుకూలంగా ఉంటే పగటిపూట, గుంపుగా బయలుదేరాలి. లేకపోతే అక్కడే ఉండాలి, కిటికీకి దూరంగా, నీళ్లు నింపుకుని. 2025లో జమ్మూ, ఉధంపూర్ నుంచి రైల్వే ప్రత్యేక రైళ్లు వేసింది, ఢిల్లీలో తెలంగాణ భవన్, ఆంధ్రప్రదేశ్ భవన్ కంట్రోల్ రూములు పెట్టి వచ్చిన పిల్లలకి బస, భోజనం చూశాయి. ఆ నంబర్లు ప్రతిసారీ కొత్తగా ఇస్తారు, పాత మెసేజ్‌లో ఉన్న నంబరు పట్టుకుని కూర్చోకండి, భవన్ అధికారిక పేజీలో చూడండి. విమానం టికెట్ ఉన్నా విమానాశ్రయం మూసి ఉండొచ్చు, మే 15 దాకా మూస్తామన్నవి 12నే తెరిచారు, రోజూ ఒకసారి చూసుకోవాలి.

ఫోన్ విషయంలో ఒక ఒప్పందం చేసుకోండి: పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి, "బాగున్నా" అని చిన్న మెసేజ్. గంటకోసారి ఫోన్ చేస్తే వాళ్ల బ్యాటరీ అయిపోతుంది, అక్కడ చార్జింగ్ పెట్టుకోవడానికి కరెంటు ఉండదు. నెట్‌వర్క్ సరిగ్గా లేనప్పుడు కాల్ కలవకపోయినా మామూలు ఎస్సెమ్మెస్ వెళుతుంది.

మీ ఇంటివాళ్లు సైన్యంలో ఉంటే, ఎక్కడున్నావని ఫోన్‌లో అడగకండి, చెప్పినా ఇంకెవరికీ చెప్పకండి. మే 9న శ్రీ సత్యసాయి జిల్లా గోరంట్ల మండలం కల్లి తండాకి చెందిన మురళీ నాయక్ నియంత్రణ రేఖ దగ్గర ప్రాణం ఇచ్చాడు. అలాంటి కబురు ఏ ఇంటికైనా సైన్యం నుంచే చేరాలి. పేరు, ఫొటో మీకు ముందే వచ్చినా మీ చేతి మీదుగా పంపకండి, ఆ తల్లికి ఇంకా తెలియకపోవచ్చు.

6. సైరన్, బ్లాకౌట్

ఎక్కువ తక్కువగా ఊగుతూ రెండు నిమిషాలు మోగితే ప్రమాదం, దాక్కోండి. ఒకే స్వరంతో ఆగకుండా రెండు నిమిషాలు మోగితే ప్రమాదం తొలగింది. ఇంట్లో పిల్లలకి నోటితో ఊది చూపించండి, మాటల్లో చెబితే గుర్తుండదు. 2025 మే 7న సాయంత్రం 4 గంటలకి హైదరాబాద్‌లో సైరన్లు మోగించి సికింద్రాబాద్, గోల్కొండ, కంచన్‌బాగ్, మౌలాలి దగ్గర డ్రిల్ చేశారు, విశాఖపట్నంలోనూ చేశారు. ఆ సైరన్ విని కిందికి పరుగెత్తి రోడ్డు మీద నిలబడి ఆకాశంలోకి చూసినవాళ్లే ఎక్కువ. అది సరిగ్గా తలకిందులు పని. లోపలికి వెళ్లాలి.

బ్లాకౌట్ అంటే మన ఇంటి వెలుతురు బయటికి కనపడకూడదు. విశాఖలో 1971 డిసెంబరు చూసిన పెద్దవాళ్లుంటే అడగండి. ఆ నెల మొదట్లోనే పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ తీరం దగ్గరే మునిగింది. మా పెద్దమ్మ కిటికీ అద్దాలకి నల్ల కాగితం మైదాపిండితో అతికించిన సంగతి, బళ్ల లైట్లకి సగం నల్ల రంగు పూసిన సంగతి ఇప్పటికీ వివరంగా చెబుతుంది. పద్ధతి పెద్దగా మారలేదు, ఇబ్బందులు మాత్రం కొత్తవి వచ్చాయి.

ఎలాగంటే: మెయిన్ ఆపితే సరిపోదు, ఇన్వర్టర్ లైట్లు వాటంతటవే వెలుగుతాయి, వాటిని కూడా ఆపాలి. బాల్కనీలో సోలార్ దీపం, గేటు దగ్గర మనిషి వస్తే వెలిగే సెన్సార్ లైటు, సీసీ కెమెరా లైటు, మేడ మీద సెల్ఫీ తీసుకునేవాళ్ల ఫ్లాష్, ఇవన్నీ మర్చిపోతాం. దుప్పటి కిటికీకి లోపలివైపు, అంచుల నుంచి వెలుతురు రాకుండా కట్టండి. లిఫ్టు ఎక్కకండి, కరెంటు ఏ క్షణంలో తీస్తారో తెలియదు. గ్యాస్ ఆపండి. అద్దాలు లేని గదిలో లేదా మెట్ల కింద గోడ పక్కన కూర్చోండి. అందరూ ఉన్నారో లేదో పేరు పెట్టి పిలిచి లెక్క చూసుకోండి. పక్కింట్లో ఒంటరిగా ఉండే పెద్దావిడ ఉంటే ఆ లెక్కలో ఆవిడ పేరూ చేర్చండి.

సరిచూసుకోవడం: లైట్లన్నీ ఆర్పాక ఇంట్లో ఒకరు వీధిలోకి వెళ్లి చూడాలి. మామూలు రోజున చేస్తే మొదటిసారి కచ్చితంగా ఎక్కడో ఒక చోట వెలుతురు కనిపిస్తుంది.

7. అణుబాంబు మాట

దీని గురించి మాట్లాడటానికే చాలామందికి భయం, కొందరికి "అది పడితే ఎవరూ మిగలరు కదా, ఇంకెందుకు" అనే నిరాశ. రెండూ పక్కన పెట్టి చదవండి. మన దగ్గర సుమారు నూట ఎనభై, పాకిస్తాన్ దగ్గర సుమారు నూట డెబ్భై అణ్వాయుధాలు ఉన్నాయని స్టాక్‌హోమ్‌లోని సిప్రి సంస్థ 2025 అంచనా. మనం ముందుగా వాడబోమని భారత్ విధానం, పాకిస్తాన్ అలాంటి మాట ఇవ్వలేదు. పేలిన చోటికి బాగా దగ్గరగా ఉన్నవాళ్లని ఏ జాగ్రత్తా కాపాడలేదు, ఇది దాచి లాభం లేదు. కానీ కొన్ని కిలోమీటర్లు దాటి ఉన్న లక్షల మంది బతుకు తర్వాతి గంటల్లో వాళ్లు ఇంట్లో ఉన్నారా, రోడ్డు మీద ఉన్నారా అన్నదాని మీద ఆధారపడుతుంది.

కళ్లు చెదిరే మెరుపు కనిపిస్తే అటు చూడకండి. బోర్లా పడుకుని ముఖం, చేతులు కప్పుకోండి. మెరుపు తర్వాత గాలి దెబ్బ రావడానికి కొన్ని సెకన్లు పట్టొచ్చు, ఏమైందా అని ఆ సెకన్లలోనే కిటికీ దగ్గరికి వెళ్లినవాళ్లకి అద్దాలు గుచ్చుకుంటాయి.

దెబ్బ దాటాక, దగ్గర్లో ఉన్న ఇటుక, కాంక్రీటు భవనంలోకి వెళ్లండి. పైనుంచి రాలే ధూళి మన దాకా చేరడానికి చాలా చోట్ల పది నిమిషాలైనా టైమ్ ఉంటుంది. రేకుల ఇల్లు, గుడిసె, కారు పనికిరావు. సెల్లార్ ఉంటే అందులో, లేకపోతే బయటి గోడలకీ పైకప్పుకీ దూరంగా భవనం మధ్య గదిలో. కనీసం 24 గంటలు బయటికి రావద్దు. పిల్లలు స్కూల్లో ఉంటే తేవడానికి వెళ్లకూడదు. రాయడానికే కష్టంగా ఉంది గానీ, అక్కడ గోడల మధ్య ఉన్న పిల్లని ధూళి పడుతున్నప్పుడు బయటికి తెస్తే ఇద్దరికీ ప్రమాదం.

ఎందుకు 24 గంటలంటే, ఆ ధూళి తీవ్రత త్వరగా పడిపోతుంది. కాలం ఏడు రెట్లు అయినప్పుడల్లా తీవ్రత పదో వంతు అవుతుంది. పేలిన గంటకి 100 ఉంటే 7 గంటలకి 10, రెండు రోజులకి సుమారు 1. సిద్ధాంతం ఇంతే, ఇంతకంటే అవసరం లేదు.

కూలర్ ఆపండి. మన ఇళ్లల్లో ఇది ముఖ్యం, ఎయిర్ కూలర్ బయటి గాలిని లోపలికి లాగి పోస్తుంది. బయటి నుంచి వచ్చినవాళ్లు పైబట్టలు గుమ్మం దగ్గరే విప్పి సంచిలో కట్టి దూరంగా పెడితే ఒంటి మీది ధూళిలో ఎక్కువ భాగం పోతుంది. సబ్బుతో స్నానం, గట్టిగా తోమకుండా. తలకి షాంపూ సరే, కండిషనర్ వద్దు, అది ధూళిని జుట్టుకి అంటిస్తుంది. మూత ఉన్న నీళ్లు, ప్యాకెట్లలో తిండి, ఫ్రిజ్‌లో ఉన్నవి తినొచ్చు. పెరట్లో కూర, మూత లేని తొట్టి నీళ్లు వద్దు.

హెచ్చరిక: అయోడిన్ మాత్రలు కొనాలా అని ప్రతిసారీ అడుగుతారు. పొటాషియం అయోడైడ్ మాత్ర థైరాయిడ్‌ని ఒక్క రేడియోధార్మిక అయోడిన్ నుంచే కాపాడుతుంది, మిగతా రేడియేషన్‌కి పనికిరాదు, అధికారులు చెప్పకుండా వేసుకోకూడదు. టింక్చర్ అయోడిన్, గాయాలకి రాసే అయోడిన్ మందు తాగడం విషం తాగడమే. అయోడిన్ ఉప్పు ఎక్కువ తింటే బీపీ పెరుగుతుంది, రక్షణ రాదు.

2025 మేలో పాకిస్తాన్‌లో కిరానా కొండల దగ్గర రేడియేషన్ లీకైందని గట్టిగా ప్రచారం జరిగింది. అక్కడి ఏ అణుకేంద్రం నుంచీ లీకు లేదని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ చెప్పింది. ఇలాంటి వార్తలకి చూడాల్సింది ఆ సంస్థ మాట, మ్యాపు మీద ఎర్ర గీతలు గీసిన వీడియోలు కాదు.

8. చేయకూడనివి

సైనిక వాహనాలు, నౌకలు, విమానాలు కనిపిస్తే వీడియో తీసి పెట్టకండి. విశాఖ బీచ్ రోడ్డు మీద ఉండేవాళ్లకి, సికింద్రాబాద్ కంటోన్మెంట్ చుట్టుపక్కల వాళ్లకి ఇది మరీ ముఖ్యం. సైరన్ శబ్దం సరదాకి, రీల్స్‌కి వాడకండి, నిజంగా మోగిన రోజున ఎవరూ కదలరు.

కోపం పక్కింటివాళ్ల మీదికి మళ్లనివ్వకండి. మే 10న శంషాబాద్‌లో కరాచీ బేకరీ మీద దాడి చేశారు, పేరు మార్చమని. దేశ విభజనప్పుడు కరాచీ వదిలి వచ్చిన సింధీ కుటుంబం 1953లో హైదరాబాద్‌లో పెట్టుకున్న షాపు అది. మీ అపార్ట్‌మెంట్ గ్రూపులో ఎవరైనా మన ముస్లిం ఇళ్ల గురించి అనుమానంగా రాస్తే మౌనంగా ఉండకండి, అప్పుడే వద్దని రాయండి. సైరన్ మోగితే వంట ఆపి, లైట్లు ఆర్పి, అందరం ఒకే మెట్ల కింద కూర్చోవాల్సినవాళ్లం.

9. పిల్లలతో, పెద్దవాళ్లతో

పిల్లలకి అబద్ధం చెప్పకండి, వివరాలూ చెప్పకండి. "గొడవ జరుగుతోంది, మనం దూరంగా ఉన్నాం, అవసరమైతే ఈ గదిలో కూర్చుంటాం" అంటే చాలు. వాళ్లకి ఒక పని ఇవ్వండి, టార్చి వాళ్ల డ్యూటీ. టీవీ రోజుకి రెండుసార్లు, అరగంట చొప్పున. రాత్రి ఫోన్ వేరే గదిలో పెట్టి పడుకోండి, సైరన్ మోగితే ఫోన్ లేకుండానే వినిపిస్తుంది. వారం దాటినా నిద్ర పట్టకపోతే, గుండె దడ తగ్గకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు, డబ్బు అక్కర్లేదు.

అన్నీ అయ్యాక ఒక సాయంత్రం పరీక్ష

ఆదివారం రాత్రి 8 గంటలకి మెయిన్, ఇన్వర్టర్ ఆపేయండి. గంటసేపు అలాగే ఉండండి. టార్చి ఎవరికి ఎన్ని సెకన్లలో దొరికింది? మందుల డబ్బా చీకట్లో తీయగలిగారా? రేడియోలో ఆకాశవాణి వచ్చిందా? వీధిలోంచి చూస్తే ఏ కిటికీ వెలుగుతోంది? పొయ్యి లేకుండా ఆ పూట ఏం తిన్నారు? మా ఇంట్లో మొదటిసారి టార్చిలో బ్యాటరీలు కారిపోయి ఉన్నాయి, పవర్ బ్యాంకు ఖాళీ. రెండోసారి ఒక్క బాల్కనీ సోలార్ దీపం తప్ప అన్నీ సరిగ్గా ఉన్నాయి.

డబ్బాలో వస్తువులు ఏడాదికోసారైనా మార్చాలి. దానికి నేను జనవరి 1 పెట్టుకున్నాను. 1988 డిసెంబరు 31న ఒకరి అణుకేంద్రాల మీద ఒకరు దాడి చేసుకోకూడదని భారత్, పాకిస్తాన్ ఒప్పందం రాసుకున్నాయి, 1992 నుంచి ప్రతి జనవరి 1న ఆ కేంద్రాల జాబితాలు ఒకరికొకరు ఇచ్చుకుంటున్నాయి. కార్గిల్ తర్వాతా, 2019 తర్వాతా, 2025 తర్వాతా ఇచ్చుకున్నాయి. ఆ వార్త పేపర్లో చిన్నగా వస్తుంది. అది కనిపించిన రోజు నేను నీళ్ల క్యాన్లు మార్చి, బ్యాటరీలు కొత్తవి వేసి, మాత్రల తేదీలు చూసి మూత పెడతాను.